మూడు వేళ్ల మడత

కత్తెరమ్మకు డబ్బున్న మనిషి కావాలని ఉంది. ఏదో నాలుగు రాళ్లు వెనకేసుకోవడం కాదు, బాగా డబ్బున్న మనిషి కావాలని ఉంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మనుషులు తమకున్న రోగాలు చెప్పుకుంటారు, ఇంట్లో పడ్డ తగువులైతే అడక్కపోయినా చెప్పుకుంటారు. నాకు ధనవంతురాలిని కావాలని ఉంది అని నోరు విప్పి చెప్పినవాళ్లను మాత్రం ఆమె ఇంతవరకూ చూడలేదు. అందుకని ఆ కోరిక లోకంలో తన ఒక్కదానికే ఉందేమోనని, అది ఏ జబ్బుకు మొదలో ఏమోనని ఆమెకు అప్పుడప్పుడు బెంగ పట్టుకునేది.

అసలు పేరు ఏదైతేనేం, వీధివాళ్లందరికీ ఆమె కత్తెరమ్మే. కత్తెర ఎప్పుడూ చేతిలో ఉంటుందని కొందరంటారు, నోట్లో ఉంటుందని కొందరంటారు. ఇంటి ముందు గదే దుకాణం. గోడ పొడుగూతా కటింగ్ బల్ల, బల్ల కింద పీలికల బుట్ట, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల, మూడు కుట్టుమిషన్లు. ఒక మిషను ఆమెది. రెండోదాని మీద వదిన, అంటే భర్త అక్క, కూర్చుంటుంది. మూడోదాని దగ్గర కాజాలు, గుండీలు చూసుకునే ముసలావిడ ఉంటుంది. ఆవిడను అందరూ కాజాలత్త అంటారు.

ఆ మంగళవారం పొద్దున్నే ఆసుపత్రిలో నేలలు తుడిచే ఆవిడ తన కూతురి స్కూలు స్కర్టు పట్టుకుని వచ్చింది. పిల్ల కూడా వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఏడాదిలో కాళ్లు సాగిపోయాయి దానికి.

"నిరుడు ఒకసారి దింపావమ్మా. ఇంకా ఏమన్నా మిగిలిందా లోపల?" అంది తల్లి.

కత్తెరమ్మ స్కర్టు తిరగేసి అంచును బొటనవేలితో తడిమింది. చూడక్కర్లేదు, వేలికే తెలుస్తుంది. "ఇంకో వేలు ఉంది," అంది.

ఆ దుకాణంలో పిల్లల బట్టలకు ఒకటే లెక్క. స్కర్టు అంచు లోపలికి మడిచేటప్పుడు మూడు వేళ్ల గుడ్డ వదలాలి. ఒక వేలు సూదికి, రెండు వేళ్లు పిల్లకి. వేలికో ఏడు. ఏడాది గడిచాక కుట్టు విప్పి ఒక వేలు దింపుతారు, మరుసటేడు ఇంకో వేలు. ఒకసారి కొన్న స్కర్టు మూడేళ్లు నడుస్తుంది. కత్తెరమ్మకు పని నేర్పిన ముసలి మాస్టరు పెట్టిన లెక్క అది. ఆయన పోయి చాలాకాలమైంది గానీ, ఆయన వేళ్లు ఇప్పటికీ ఈమె చేతికే ఉన్నట్టుంటాయి.

ఆమె బ్లేడుతో కుట్టు విప్పి, పాత దారప్పోగులు ఏరేసి, అంచు తడిపి ఇస్త్రీ పెట్టింది. మడత లోపల ఎండా ఉతుకూ తగలని గుడ్డ ముదురు నీలంగా, కొత్తగా బయటికి వచ్చింది. పాత అంచు ఉన్నచోట తెల్లటి గీత మిగిలింది. ఎంత ఇస్త్రీ చేసినా ఆ గీత పోదు.

"అది కనిపిస్తుందా ఆంటీ?" అంది పిల్ల, గుమ్మం దగ్గరి నుంచే.

ఆ వయసులో కత్తెరమ్మ కూడా స్కూలు సంచీని వీపున కాకుండా ముందు మోకాళ్ల దగ్గర పట్టుకుని నడిచేది, గౌను మీది గీత కనపడకుండా. ఆమె నల్లదారం ఎక్కించి, సరిగ్గా గీత మీదుగా రెండు వరసలు సన్నగా కుట్టు వేసింది. "ఎవరన్నా అడిగితే డిజైన్ అని చెప్పు. ఈ ఏడాది ఇదే ఫ్యాషన్," అంది. పిల్ల నమ్మలేదు గానీ నవ్వింది. తల్లి స్కర్టును గుండెకు ఆనించుకుని, "గట్టెక్కించావమ్మా ఈ ఏడాదికి," అని వెళ్లిపోయింది.

వాళ్లు మెట్లు దిగుతుంటే సంచీ పెద్దమనిషి మెట్లెక్కాడు. స్కూళ్లకు యూనిఫారాలు సరఫరా చేసే కంపెనీలో ఏజెంటు ఆయన. నల్లటి తోలు సంచీని ఎప్పుడూ చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంటాడు కాబట్టి ఆ పేరు. నెల్లాళ్లుగా వస్తున్నాడు, గుడ్డ చూపిస్తున్నాడు, కుట్టు చూస్తున్నాడు, ఏదీ తేల్చడం లేదు. ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎనిమిది వందల స్కర్టులమ్మా. ఈ పక్క స్కూలుకి. శుక్రవారం మధ్యాహ్నానికి శాంపిలు చూపించండి. నచ్చితే అక్కడే సంతకం. ఇవి సరిగ్గా ఇస్తే ఇంకో నాలుగు స్కూళ్లు ఉన్నాయి, అవీ మీకే."

కత్తెరమ్మ మనసులో అప్పుడే కూలి లెక్క వేసేసింది. పైకి మాత్రం సుద్ద ముక్క అరగదీస్తూ, "చూద్దాం లెండి," అంది, ఎనిమిది వందల స్కర్టులు రోజూ వస్తుంటాయన్నట్టు. ఏప్రన్ జేబులో తాళంచెవి తొడకు తగిలింది. ఆ తాళంచెవి గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఏజెంటు సంచీలోంచి కొలతల కాగితం తీశాడు. నడుము, పొడవు, కుచ్చులు అన్నీ మామూలే. అంచు దగ్గర మాత్రం గోటితో గీసి చూపించాడు. "ఇక్కడ మడత ఒక వేలు చాలు. పక్కకుట్ల గుడ్డ కూడా కుట్టు దాకా కోసేసి, పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టేయండి. లోపల ఏమీ మిగలకూడదు."

"పిల్లలు పెరుగుతారు కదండీ."

"పెరగనివ్వండమ్మా. వాళ్లు పెరిగితేనే కదా మనం పెరిగేది," అన్నాడాయన. పిల్లా తల్లీ వెళ్లినవైపు చెయ్యి ఊపి, "ఇప్పుడు చూశాను కదా. ఒక్క స్కర్టు మూడేళ్లు లాగిస్తే మీకేం మిగులుతుంది, నాకేం మిగులుతుంది? ఏటా కొంటే ఏటా ఆర్డరు. ఎనిమిది వందలు కాస్తా ఏటా ఎనిమిది వందలు. మనం ఎవర్నీ మోసం చెయ్యడం లేదు. గుడ్డ మంచిది, కుట్టు మంచిది. లోపల ఎంత మడత ఉండాలో ఏ చట్టంలో ఉంది చెప్పండి?" అన్నాడు.

ఏ చట్టంలోనూ లేదు. కత్తెరమ్మ తలూపింది. ఆయన సంచీ సర్దుకుని లేస్తుంటే ఆమె కన్ను అలవాటుగా ఆయన చొక్కా కాలరు మీదికి పోయింది. మడత దగ్గర చిరిగిన కాలరును విప్పి, తిరగేసి, మళ్లీ కుట్టించారు. మంచి చెయ్యి పడింది, మామూలువాళ్లు కనిపెట్టలేరు. కుట్టేవాళ్లకు కనపడుతుంది.

*

ఆమె మొగుడు ఇళ్లకు తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేస్తాడు. ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, చాలు. ఇంకో ముద్ద పెట్టుకుంటావా అంటే చాలు. ఇంకో గది వేద్దామా అంటే ఉన్నది చాలు. చుట్టాల్లో ఆయనకు చాలుగారని పేరు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ మాట మీద కత్తెరమ్మ పళ్లు నూరని రోజు లేదు. అయినా ఆ సాయంత్రం ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురు చూసింది. ఆయన వద్దనాలి. వద్దనగానే ఆమె ఇంతెత్తున లేవాలి, నీవల్లే నేనిలా ఉండిపోయానని నాలుగు దులపాలి, ఆర్డరు వదిలేయాలి. అప్పుడు తప్పు ఆయన ఖాతాలోకి పోతుంది, తను హాయిగా నిద్రపోతుంది.

అన్నాలు తినేటప్పుడు సంగతంతా చెప్పింది. ఒక వేలి మడత దగ్గర కాస్త ఆగి, నొక్కి చెప్పింది.

ఆయన ముద్ద నమిలి మింగి, "తీసుకో," అన్నాడు.

"ఏంటి తీసుకునేది?"

"ఆర్డరు."

"చాలు అంటావనుకున్నా."

ఆయన కంచం వైపే చూస్తూ అన్నాడు. "రోజుకి ఎన్ని ఇళ్లు ఎక్కి దిగుతానో నీకు తెలుసు. కొన్ని ఇళ్లల్లో మీటరుండే గది మన దుకాణం కంటే పెద్దది. టార్చి వేస్తాను, అంకె రాసుకుంటాను, గేటు వేసి వచ్చేస్తాను. ఒక్కరు కూడా లోపలికి రమ్మనరు. నాకు మాత్రం ఉండదా? చాలు చాలు అనుకుంటూ ఉంటే లేదన్న సంగతి అంతగా తెలీదు. అందుకని అలవాటు చేసుకున్నా." కొంచెం నీళ్లు తాగాడు. "నువ్వు నిజమనుకున్నావా?"

నిజమనే అనుకుంది. ఇరవై రెండేళ్లు ఆ మాటను తిట్టుకుంటూనే, దాని మీదే వీపు ఆనించి కూర్చుంది. ఇప్పుడు వెనక్కి ఒరిగితే అక్కడ గోడ లేదు.

"మరి ఆ పిల్లలో?" అంది.

"మనం కుట్టకపోతే ఇంకొకడు కుడతాడు. పిల్లలు ఎలాగూ పెరుగుతారు." ఆయన కంచం తీసుకుని లేచాడు. కడుక్కుని వచ్చి, మొహమాటంగా, "మన అబ్బాయి హాస్టలు మార్పించొచ్చేమో కదా. నలుగురితో ఒక గదిలో ఉండలేకపోతున్నానని రాశాడు," అన్నాడు.

కత్తెరమ్మ ఏప్రన్ జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. బేకరీ వెనకాల హాలు, పది కిటికీలు, ఇరవై మిషన్లు పడతాయి, ఓనరు శనివారం దాకా ఆగుతానన్నాడు అని గబగబా చెప్పేసింది, దొంగ సొమ్ము ఒప్పజెప్పినట్టు. ఆయన తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిట్టలేదు. ఎన్నాళ్లుగా దాస్తున్నావనైనా అడగలేదు.

"పది కిటికీలా," అన్నాడు.

ఆ గొంతులో ఆశ విని ఆమెకు భయం వేసింది. ఇన్నాళ్లూ ఆశ తన ఒక్కదానిదే. ఇప్పుడు ఇద్దరిదీ అయింది, ఇక వదిలేస్తానంటే ఇద్దరికీ పోతుంది.

*

బుధవారం దారం కొనాలన్న వంకతో వెళ్లి హాలు తలుపు తీసింది. నేల మీద పిండి మరకలు, మూల విరిగిన బల్ల. కిటికీలు తీస్తే వెలుతురు నేలంతా పరుచుకుంది. కటింగ్‌కు అంతకంటే ఏం కావాలి? ఆమె అడుగులు వేసి చూసింది. ఇక్కడ పొడుగు బల్ల, ఇక్కడ మిషన్ల వరసలు, ఇక్కడ తను. తనకో కుర్చీ, చేతులున్న కుర్చీ. ఎవరో తలుపు దగ్గర నిలబడి, అమ్మగారూ లోపలికి రావచ్చా అంటున్నారు. తను వెంటనే తల ఎత్తదు. కాగితం చదవడం అయ్యాక, నెమ్మదిగా...

అక్కడికి వచ్చేసరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చుట్టూ చూసుకుంది. ఎవరూ లేరు. ఎవరూ లేరని తెలిశాక, ఛీ అనుకుంటూనే, ఆ తల ఎత్తకుండా ఉండే ముక్కను ఇంకొక్కసారి ఊహించుకుంది. బాగానే ఉంది మరి. డబ్బున్నవాళ్లకు సుఖం ఉండదని వాళ్లమ్మ చెప్పేది. ఆవిడకు ఎలా తెలుసో, ఏ డబ్బున్నవాళ్లు వచ్చి చెప్పుకుని ఏడ్చారో, కత్తెరమ్మ ఎప్పుడూ అడగలేదు.

తిరిగొచ్చి శాంపిలుకు కూర్చుంది. ఏజెంటు ఇచ్చిన గుడ్డ బల్ల మీద పరిచి, ముడతలు తీసి, బరువులు పెట్టింది. కొలతల కాగితం ఎదురుగా ఉంది. పొడవు గీసింది. దాని కింద మడత కోసం ఎడమచెయ్యి పరిచింది, సుద్దతో గీత గీసింది, కత్తెర ఆడించింది. ఆ కత్తెర గుడ్డను కోసేటప్పుడు సన్నగా ఒకటే చప్పుడు, మధ్యలో ఆగదు. అంతా అయ్యాక అంచు మడవబోతే వేళ్లకు అనుమానం వచ్చింది. టేపు పెట్టింది. మూడు వేళ్లు. ఒక వేలు వదలాలని మనసులో అనుకుంటూనే మూడు వదిలి కోసింది.

"నా చెయ్యి నా మాట వినడం లేదు వదినా," అంది.

వదిన మిషను ఆపి చూసింది. "నయం, ఎక్కువే వదిలావు. తక్కువైతే అతుకుతావా?"

కత్తెరమ్మ మళ్లీ గీసి, రెండు వేళ్ల గుడ్డను అంచు పొడుగునా కోసేసింది. పొడవాటి నీలం పీలిక బల్ల మీంచి జారి నేల మీద పడింది. వదిన వంగి దాన్ని తీసుకుని, వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. వదినకు లేకలేక పుట్టిన పిల్ల ఆ స్కూల్లోనే చదువుతోంది.

"చూడూ," అంది వదిన. "మా చిన్నదానికి మాత్రం ఇది కొయ్యకు. ఎనిమిది వందల్లో రెండు ఎవరు చూస్తారు?"

"అలాగే వదినా. అదెంతసేపు," అంది కత్తెరమ్మ. నిజానికి ఆ మాటతో ఆమె ప్రాణం కాస్త తేలికపడింది. కటింగ్ పుస్తకంలో వెనక పేజీ తీసి, వదిన పాప రెండు, అని రాసుకుంది.

గురువారం పొద్దున్న కాజాలత్త నీళ్లు తాగడానికన్నట్టు లేచి వచ్చి బల్ల పక్కన నిలబడింది. వదిన చెప్పినట్టుంది. "మా మనవరాలు మొక్కజొన్న కంకిలా ఎదుగుతోందే తల్లీ. నీకు పుణ్యం ఉంటుంది," అంది. అదీ రాసుకుంది. మధ్యాహ్నం మొగుడు టీకి వచ్చి, తమ ఆఫీసులో గుమాస్తాకు ఇద్దరు కవలలని, ఇద్దరూ అదే స్కూలని, మాట ఇచ్చేశానని చెప్పాడు. దారాల కొట్టువాడి చెల్లెలి కూతురు ఒకతె వచ్చి చేరింది. ఆసుపత్రి ఆవిడ కూతుర్ని కత్తెరమ్మే, ఎవరూ అడక్కుండానే, రాసింది. సాయంత్రానికి పేజీ సగం నిండింది.

ఆ పేజీ చూసుకుంటే మొదట ముచ్చటేసింది. నేను మరీ అంత చెడ్డదాన్నేం కాదు అనుకుంది. డబ్బు వస్తే మనిషి మారిపోతుందంటారు, ఇదిగో, ఇంకా రాకముందే ఇంతమందికి మేలు చేశాను. పెన్సిలు చెవి మీద పెట్టుకుని మళ్లీ చదివింది. వదిన పాప. కాజాలత్త మనవరాలు. కవలలు. దారాల కొట్టు. అందరూ ఎరిగున్నవాళ్లే. మిగతావాళ్లకు కత్తెరమ్మ ఎవరో తెలియదు, అడగాలనీ తెలియదు. వాళ్ల స్కర్టు మోకాలు దాటి పైకి పోతుంది, ఎంత విప్పినా లోపల ఏమీ ఉండదు. తెలిసినవాళ్ల పిల్లలు పెరుగుతారు, తెలియనివాళ్ల పిల్లలు కొనుక్కుంటారు. అంతేనా తను చేసిన పుణ్యం?

పుస్తకం మూసేసింది. మూసేసినా ఆ పేజీ ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. ఆ సాయంత్రం మొగుడు కొలతల టేపు అడిగి తీసుకుని హాలు కిటికీలు కొలవడానికి వెళ్లాడు. తెరలు కట్టించాలట.

*

శుక్రవారం చెప్పిన వేళకే సంచీ పెద్దమనిషి వచ్చాడు. కత్తెరమ్మ శాంపిలును బల్ల మీద పరిచి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏప్రన్ జేబులో పెట్టుకుంటే తాళంచెవి తగిలింది.

ఆయన పని తెలిసిన మనిషే. కుచ్చులు ఒక్కొక్కటే విప్పి చూశాడు. నడుం పట్టీ లాగి చూశాడు. జిప్పు మూడుసార్లు పైకీ కిందికీ ఆడించాడు. ఆఖర్న స్కర్టు తిరగేసి, అంచు మీద వేలు పెట్టాడు. సరిగ్గా ఒక వేలు. పక్కకుట్లు లాగాడు. లోపల ఏమీ మిగల్లేదు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు. "ఇలాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు."

సంచీ తెరిచి ఆర్డరు కాగితం తీసి, పెన్ను మూత విప్పి, తేదీ వేశాడు. వదిన మిషను తొక్కడం మానేసి చూస్తోంది. కాజాలత్త సూది గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. కత్తెరమ్మకు సంతోషం వచ్చింది. నిజంగా వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగేంత.

సంతకం దగ్గర ఆయన పెన్ను ఆగింది. వదిన వైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు తగ్గించాడు.

"ఒక చిన్న మాటమ్మా. మా అమ్మాయి కూడా ఈ స్కూల్లోనే చదువుతోంది. ఆరో తరగతి. రెండు స్కర్టులు దానివి వేరేగా..." తోలుసంచీ చాటున, ఎవరికీ కనపడకుండా, మూడు వేళ్లు చూపించాడు. "దానికి మాత్రం ఇలా వదలండి. రోజుకో మూర ఎదుగుతోంది. నా పరిస్థితి మీకు తెలీదని కాదు. బయటికి ఏజెంటునే గానీ..."

"తెలుసండీ," అంది కత్తెరమ్మ. కాలరు వైపు చూడలేదు.

కటింగ్ పుస్తకం తీసి, వెనక పేజీ తెరిచి, చెవి మీది పెన్సిలు అందుకుంది. రాయడానికి చోటుంది. "పాప ఎత్తెంతండీ?" అని అడిగింది.

ఆయన కూర్చున్నచోటునుంచే చెయ్యి చాపి గాల్లో పెట్టాడు. తర్వాత ఆ చేతిని నెమ్మదిగా ఇంకొంచెం పైకి లేపాడు. "వచ్చే ఏడాదికి ఇంత అవుతుంది," అన్నాడు. ఆ చెప్పడంలో మొహమంతా మారిపోయింది. ఒక్క క్షణం ఆయన ఏజెంటు కాదు.

పెన్సిలు కాగితం మీద ఆనింది గానీ కదలలేదు.

"రాయలేనండీ," అంది కత్తెరమ్మ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసేసరికి పెన్సిలు బల్ల మీద పెట్టేసింది.

"ఏమైందమ్మా?"

"ఎనిమిది వందల స్కర్టులు. ముప్పై పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి ఒకేసారి కోస్తాం. అందులో మీ పాపది ఏదో, ఎవరి పాపది ఏదో నాకెలా తెలుస్తుంది? ఇదిగో ఇప్పటికే ఇంతమందిని రాసుకున్నా." పేజీ ఆయన వైపు తిప్పింది. "వేరేగా కుదరదు. కోస్తే అందరికీ ఒక వేలు. లేదంటే అందరికీ మూడు. మీరే చెప్పండి."

ఆయన పేజీ చదివాడు. చదివి తోలుసంచీని దగ్గరికి లాక్కున్నాడు. "మూడంటే ఎలా కుదురుతుందమ్మా? ఒక వేలని పైవాళ్లు రాసిచ్చారు."

"పైవాళ్లకు పిల్లలు లేరా అండీ?"

"వాళ్ల పిల్లలు ఈ స్కూల్లో ఎందుకు చదువుతారు?"

ఆయన ఆర్డరు కాగితం తీసి మడిచాడు. కత్తెరమ్మ ఆ మడతనే చూసింది. పది కిటికీలు, చేతులున్న కుర్చీ, మొగుడు తెరలకు కొలతలు తీసుకొచ్చి గోడ మేకుకు గుచ్చిన చీటీ, కొడుకు హాస్టలు గది, అన్నీ ఆ కాగితంతోపాటు మడతపడి సంచీలోకి పోబోతున్నాయి. పిలిచి, లేదండీ, ఊరికే అన్నాను అందామా? నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు ఆపుకుందో ఆమెకే తెలియదు.

ఆయన కాగితం సంచీలో పెట్టలేదు. మోకాలి మీద పెట్టుకుని, బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "రెండు," అన్నాడు.

"ఏంటండీ?"

"అందరికీ రెండు. ఒకటి సూదికి, ఒకటి పిల్లకి. ఈ గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది, అందుకని వదిలామని పైన చెప్పుకుంటాను. రెండుకైతే నమ్ముతారు. మూడంటే నా ఉద్యోగం పోతుంది, మీ ఆర్డరూ పోతుంది." తలెత్తి చూశాడు. "ఏమంటారు?"

మూడు అనాలి. ముసలి మాస్టరైతే అదే అనేవాడు. ఆయన చివరిదాకా ఒక్క మిషనుతోనే బతికాడు. వేలికో ఏడు. ఒక ఏడాది ఇప్పించింది, ఒక ఏడాది పోతోంది. ఎనిమిది వందల మంది పిల్లల ఏడాది.

"సరే," అంది కత్తెరమ్మ.

ఆయన సంతకం పెట్టాడు, ఆమె పెట్టింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "అయినా మీరు బాగా పైకొస్తారమ్మా," అన్నాడు. పొగిడాడో, ఎత్తిపొడిచాడో తెలియలేదు. రెండూ అయి ఉండొచ్చు.

కాజాలత్త అందరికంటే ముందు, "అమ్మయ్య," అంది. కత్తెరమ్మ వెనక పేజీని పుస్తకంలోంచి చింపి, నాలుగు ముక్కలు చేసి పీలికల బుట్టలో వేసింది.

"మా చిన్నదానికి మూడన్నావు," అంది వదిన అప్పుడు.

"అందరికీ రెండే వదినా."

"మాటిచ్చావు."

"ఇచ్చాను."

వదిన మొహం తిప్పుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. గుడ్డేమీ పెట్టలేదు, వట్టి సూది పైకీ కిందికీ ఆడుతోంది. పక్కింటివాళ్లకు చెప్పడానికి కాజాలత్త అప్పుడే మెట్లు దిగిపోయింది. సాయంత్రానికి వీధంతా వస్తుంది. మొగుడు వస్తాడు. ఆయన నోట ఇవాళ చాలు అన్న మాట రాదు.

కత్తెరమ్మ బల్ల మీద కొత్త అట్ట పరిచింది. ఎనిమిది వందలకూ ఇదే కొలత అట్ట, దీన్నిబట్టే కోత. స్కర్టు పొడవు గీసుకుంది. దాని కింద మడత కోసం ఎడమచెయ్యి పరిచింది. చూస్తే మూడు వేళ్లూ పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఉంగరపు వేలు లోపలికి మడిచింది. సుద్ద అందుకునేలోగా అది మళ్లీ చాపుకుంది. మళ్లీ మడిచింది. ఎంత బిగబట్టినా ఒణుకుతూ లేస్తోంది. కుడిచేత్తో దాన్ని పట్టుకుంటే సుద్ద పట్టుకునే చెయ్యి లేదు. అలాగే వంగి నిలబడిపోయింది, తప్పుచేసి చెయ్యి చాపిన బడిపిల్లలా. కన్నీళ్లు అట్ట మీద పడతాయేమోనని తల పక్కకు తిప్పుకుంది.

మిషను ఆగింది. వదిన లేచి వచ్చింది. కాసేపు ఆ చేతిని చూసి, ఆ మూడో వేలిని లోపలికి మడిచి, తన బొటనవేలితో అట్టకు గట్టిగా అదిమి పట్టింది.

"ఊఁ, గియ్యి," అంది.

కత్తెరమ్మ గీసింది.